ప్రెసిడెంట్ జీతానికి ఆర్లిస్ వకాల్తా

ఆర్లిస్ నొవొట్నీ తన జీవితం మొత్తంలో మైకు పట్టుకున్నది ఒక్కసారే. అదీ తనకు బొత్తిగా గిట్టని మాట చెప్పడానికి.

నెబ్రాస్కా మొక్కజొన్న చేల నడుమ ఉన్న పెల్‌క్రీక్‌లో ఆమెను ఎరగనివాళ్లు లేరు. పెళ్లయిన నాటి నుంచీ యూనివర్సిటీ భోజనశాలలో వంట ఆమెదే. పొయ్యి దగ్గర ఆమె నోటికి ఎదురు లేదు. పదిమంది ముందు నిలబడితే మాత్రం నాలుక పిడచకట్టుకుపోయేది.

ఆమె భర్త డ్వేన్ అదే యూనివర్సిటీలో గదుల్ని వెచ్చబెట్టే బాయిలర్ చూసేవాడు. కిందటి చలికాలం అది మొరాయించి హాస్టల్లో నీటి గొట్టాలు గడ్డకట్టి పగిలాయి. పిల్లలు కోట్లు తొడుక్కుని వ్యాయామశాల నేల మీద పడుకున్నారు. విచారణ జరిగింది, నింద మెట్టు మెట్టూ దిగి డ్వేన్ నెత్తిన పడింది. బాయిలర్ మార్చమని ముందు నుంచీ మొత్తుకున్నవాడు అతనే! అప్పటినుంచి యూనివర్సిటీకి పెద్ద, ప్రెసిడెంట్ విట్‌లాక్ పేరు వింటే చాలు, పళ్లు నూరేవాడు.

ఆ ఊళ్లో ఏటా ఊరికీ యూనివర్సిటీకీ ఒక వాదం జరుగుతుంది. ఊరి తరఫున ఎవరు మాట్లాడాలో చీటీ తేలుస్తుంది, ఏ పక్షమో నాణెం తేలుస్తుంది. జనం తమకు నచ్చిన పక్షం వైపు కూర్చుంటారు. మనసు మారితే లేచి అవతలికి వెళతారు. ఎక్కువమందిని లేపినవాళ్లదే గెలుపు. ఆ ఏడు విషయం, యూనివర్సిటీ ప్రెసిడెంటుకు అంత జీతం తగునా అని. చీటీ ఆర్లిస్‌కు వచ్చింది. నాణెం 'తగును' అంది.

"నాణెం బొరుసు పడితే నన్ను అమ్మేస్తావన్నమాట!" అన్నాడు డ్వేన్, కాఫీ కప్పు ఠపీమని పెట్టి.

"ఒప్పుకుని, పక్షం నచ్చలేదని పారిపోతే ఊళ్లో తలెత్తుకోగలమా? వచ్చి కూర్చో, చాలు."

"వస్తా. ఆ కుర్చీలోంచి లేస్తే ఒట్టు."

ఆ మాట ఆర్లిస్‌కు గుచ్చుకుంది. హాలంతా అటే ఉండిపోయినా ఫర్వాలేదు, ఈ ఒక్క మొండి మనిషి లేచి రావాలనుకుంది.

ఆ రోజు హాలు కిక్కిరిసింది, కానీ ఒకవైపే. ఆర్లిస్ వైపు కూర్చున్నది ప్రెసిడెంట్ గారి భార్య ఒక్కతే. విట్‌లాక్ గారైతే వినయం ఒలకబోస్తూ 'తగదు' వైపు మొదటి వరసలో కూర్చుని అందరికీ నవ్వులు పంచుతున్నాడు. అదే వరసలో కాస్త ఎడంగా డ్వేన్, చేతులు కట్టుకుని.

ఎదుటిపక్షం నుంచి అర్థశాస్త్రం ప్రొఫెసర్ బ్రెనర్ అదరగొట్టాడు. "ఆ జీతంతో ఎంతమంది పిల్లలకు ఫీజు కట్టొచ్చు!" అంటే చప్పట్లు మారుమోగాయి. ఆర్లిస్ లేచింది. గొంతు పెగల్లేదు. డ్వేన్ చూపు తప్పించడం చూసింది. దాంతో ఆమెకు ఒళ్లు మండింది, గొంతు వచ్చింది.

"చారులో ఉప్పెక్కువైతే నన్నంటారు. అనండి, వండింది నేనే. మరి పోయినేడు పిల్లలు చలికి వణికితే ఎవర్నన్నారు? పెద్దాయన తన కిందాయన్ని చూపించాడు, ఆయన ఇంకో కిందాయన్ని. ఆఖరికి వేలు ఎక్కడ ఆగింది? అందరికన్నా తక్కువ జీతం వాడి దగ్గర. అదిగో, చేతులు కట్టుకుని కూర్చున్నాడే, ఆ మొండిఘటం దగ్గర!"

తలలన్నీ డ్వేన్ వైపు తిరిగాయి.

"నాకు ఈ యూనివర్సిటీలో ఒక్క మనిషి కావాలి. 'నాకు తెలీదు, నా పని కాదు' అనడానికి వీల్లేని మనిషి. అలాంటివాడు చవగ్గా దొరకడు. ఇవ్వండి, అంత జీతమూ ఇవ్వండి! తగ్గిస్తే, ఇంత జీతానికి ఇంతేలే అంటాడు. నేను ఆయనకు డబ్బివ్వమనట్లేదర్రా, సాకులు లాగేసుకోమంటున్నా!"

ముందు భోజనశాల ఆడవాళ్లు లేచారు. తర్వాత కుర్చీల చప్పుడు ఆగలేదు. ఊరు లేచింది, విద్యార్థులు లేచారు, ఆఖరికి బ్రెనర్ సొంత భార్య లేచింది. 'తగదు' వైపు ఖాళీ కుర్చీల మధ్య ఇద్దరే మిగిలారు, విట్‌లాక్, డ్వేన్.

హాలంతా ఆ ఇద్దర్నే చూస్తోంది. విట్‌లాక్ మొహంలో నవ్వు లేదు. ఆయన మెల్లగా లేచి, నడవ దాటి వచ్చి మైకు అడిగాడు.

"బాయిలర్ మార్చడం వాయిదా వేసింది నేనే. నింద నొవొట్నీ గారిది కాదు, నాది. రేపే ఆ మాట రాసిస్తాను."

మైకు ఆర్లిస్‌కు తిరిగిచ్చి 'తగును' వైపు కూర్చున్నాడు. ఈలలతో పైకప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. ఆర్లిస్ మాత్రం ఎవర్నీ చూడట్లేదు. ఆమె చూపు ఒక్క కుర్చీ మీదే ఉంది. డ్వేన్ కట్టుకున్న చేతులు విప్పాడు. ముక్కు చీదుకున్నాడు. లేచాడు. దర్జాగా నడవ దాటి, విట్‌లాక్ కూర్చున్న వరస దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"కాస్త జరగండి సార్," అన్నాడు. "మా ఆవిడ మాట్లాడుతోంది."