వేడినీళ్ల షెడ్డులో ఊకపొయ్యి

కోళ్ల షెడ్డు నేల కింద పైపుల్లో వేడినీళ్లు చక్కగా పారుతూ ఉండగా, ఊకబాబాయి ఆ సాయంత్రం పాత పొయ్యి ఎందుకు వెలిగించాడు? ఇన్నేళ్లు గడిచినా ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు.

కోళ్లఫారం నడిపే అమ్మాయికి ఆయన సొంత బాబాయే. గుడ్డులోంచి అప్పుడే బయటపడ్డ కోడిపిల్లలు వచ్చిన దగ్గర్నుంచి వాటికి ఈకలు మొలిచేదాకా ఊకపొయ్యి ఆరకుండా చూడటం ఆయన పని. వేడి చాలకపోతే పిల్లలు ఒకదాని మీదొకటి ఎక్కి గుంపు కడతాయి. ఎక్కువైతే గోడలకు అంటుకుపోయి నోళ్లు తెరుస్తాయి. సరిగ్గా ఉంటే గింజలు చల్లినట్టు నేలంతా పరుచుకుంటాయి. భార్య పోయాక ఆయన పొయ్యి వెనక గదిలోకి మకాం మార్చాడు. గదికీ పొయ్యికీ ఒకటే గోడ. దానికి వీపు ఆనించి అన్నం తినేవాడు. పెళ్లికి పిలిచినా, చావుకి పిలిచినా ఒకటే మాట: "పొయ్యి ఆరిపోతుందమ్మా."

ఆ ఏడు షెడ్డు నేల తవ్వి వేడినీళ్ల పైపులు వేశారు, ఆ నీళ్లు కాచడానికి పైకప్పు మీదికి సోలార్ పలకలు ఎక్కాయి. మబ్బు పట్టిన రోజులకు పెంట నుంచి తీసిన గ్యాసుతో మండే బాయిలరు వచ్చింది.

"ఇక కాలు మీద కాలేసుకోండి పెద్దాయనా!" అన్నాడు మెకానిక్కు. "మసి వదిలితే మీ మీసం ఏ రంగో మాకూ తెలుస్తుంది."

"తెల్లదేలేవయ్యా. అది చూడ్డానికి ఇంత నేల తవ్వాలా?"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

కొత్త పిల్లలు వచ్చాయి. వచ్చిన రోజు నుంచే నేలంతా హాయిగా పరుచుకున్నాయి. ఊకబాబాయి లోపలికి వెళ్లి చూసేవాడు, వంక పెట్టడానికేమీ దొరక్క బయటికి వచ్చేవాడు. గదిలో గోడ చల్లబడింది. పొయ్యి లేని చోట తనకేం పని? ఆ మాట చెప్పుకోవడానికి పక్కన మనిషి లేడు.

ఒక సాయంత్రం కాస్త ఈదురుగాలి వీచింది. ఆయన షెడ్డు పక్కల పరదాలన్నీ దించి, మిగిలిన ఊకతో పొయ్యి రాజేశాడు. అమ్మాయి వచ్చేసరికి పిల్లలన్నీ గోడల దగ్గర రొప్పుతున్నాయి. కొన్ని లేవడం లేదు.

"ఏంటిది బాబాయ్!" పరుగెత్తి పరదాలు ఎత్తింది.

"చలేస్తుందేమోనని..."

"వాటికేం చలి? కాళ్ల కింద కుంపటి పెట్టినట్టుంది కదా! ఒక్క మాట నన్నడగొద్దూ? నోట్లో నాలుక లేదా?"

ఆయన చచ్చిన పిల్లలను ఒక్కొక్కటే ఏరి బుట్టలో వేస్తున్నాడు. ఆ చేతులు చూసి అమ్మాయి మెత్తబడింది.

"పోనీలే. రేపట్నుంచి నువ్వు షెడ్డులోకి రాకు. ఇంట్లోకి వచ్చెయ్. పైగది ఊరికే పడుంది, మా పిల్లలు కూడా తాతయ్య ఏడీ అంటుంటారు."

ఆమె మనసులో ఉన్నది చివరి మాట. ఆయన చెవిన పడింది మొదటిది, షెడ్డులోకి రావద్దన్నది.

తెల్లారి ఆయన గొయ్యి తీసి బుట్టలోవి పూడ్చాడు. గది ఊడ్చాడు. రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకున్నాడు. అమ్మాయి పైకప్పు మీద పలకలు తుడుస్తోంది.

"బాబాయ్, టీ తాగావా?" పైనుంచి కేకేసింది.

"ఆఁ, తాగా."

తాగలేదు. ఆమె మళ్లీ తుడవడంలో పడింది. ఆయన గేటు తీసి, కోళ్లు బయటికి పోకుండా మళ్లీ జాగ్రత్తగా గడియ వేసి, రోడ్డెక్కాడు.