బూట్లు లేని పరీక్ష

నాలో గొప్ప శక్తులున్నాయని ముప్పై అయిదేళ్లు దాటాక తెలిసింది. చెప్పింది తడ దగ్గర మా బూట్ల ఫ్యాక్టరీలోని హెచ్‌ఆర్ ఆఫీసరుగారు. అంతకు ముందు బడిలో అయ్యవార్లు నన్ను మొద్దు అని తేల్చేసి ఊరుకున్నారు. అక్షరాలు నా కంటికి కుదురుగా నిలబడవు, పక్కపక్కవి చోట్లు మార్చుకుంటాయి. దానికి డిస్లెక్సియా అని ముద్దుపేరు ఒకటుందని ఫ్యాక్టరీకి వచ్చిన డాక్టరమ్మ చెప్పింది.

నా పని లైను చివర చెకింగ్. జత చేతిలోకి వస్తే చాలు, ఏ కుట్టు పక్కకు పోయిందో, ఏ అడుగు వంకరగా అతికిందో చూడగానే తెలిసిపోతుంది. మిగతావాళ్లు స్కేలు పెట్టి కొలిచేలోపు నాలుగు జతలు తేల్చేస్తాను. కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ పని నేర్పింది నేనే. సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ అయినప్పుడు అది నాకే రావాలని గట్టిగా ఆశపడ్డాను.

సరిగ్గా అప్పుడే ఆఫీసరుగారు పిలిచి, డిస్లెక్సియా ఉన్నవాళ్ల గొప్పతనం చాటడానికి ఫ్యాక్టరీలో పెడుతున్న మీటింగులో నా శక్తుల గురించి మాట్లాడమన్నారు. మాట్లాడాల్సింది కూడా ఆయనే రాసిచ్చారు, రెండు పేజీలు.

"సార్, నాకు చదవను రాదనే గదా ఈ మీటింగు పెట్టినారు?"

"ఇంకా రెండు రోజులు టైముండాదిలేమ్మా. బాగా ప్రాక్టీసు చెయ్."

ఎంత దయో ఆయనకు! మీటింగు రోజు ఆ కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, పక్క లైనులో పాసైన జతల పెట్టె ఒకటి స్టేజీ మీదికి తెప్పించాను. అందరి ముందూ అందులోంచి మూడు చెడ్డ జతలు తీసి చూపించాను. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. నా ఫొటో నోటీసు బోర్డుకు అంటించారు. కింద నన్ను ఏమని పొగిడారో నాకైతే తెలియదు.

వారం తిరక్కుండా దాని పక్కన ఇంకో కాగితం వెలిసింది. సూపర్‌వైజర్ పోస్టుకు రాతపరీక్ష అట. నేను పని నేర్పిన పిల్లే చదివి చెప్పింది. నేరుగా ఆఫీసరుగారి దగ్గరికి పోయాను.

"పరీక్షలో బూట్లు ఉంటాయా సార్?"

"బూట్లెందుకమ్మా? పేపరే."

ఒళ్లు మండిపోయింది. ఇక నా శక్తులు నా దగ్గరే ఉంచుకుందామని, ఆ పూట తప్పున్న జతలు రెండు కావాలనే వదిలేశాను. మూడో జత మడమ వంకరగా ఉంది. దాన్ని చేతిలో పట్టుకుని ఆఫీసరుగారినీ నన్నూ కలిపి తిట్టుకున్నాను. తర్వాత ప్యాకింగు దాకా పరుగెత్తి ఆ రెండు జతలూ వెనక్కి తెచ్చాను. పోస్టు మీది కోపం బూటు మీద చూపించడం నాకు చేతకాలేదు.