కిందికి దిగిన పియానో

ఈ ఉదయం మిద్దె మీద దండెం తీగ తెగింది. టంగుమని ఒక్క మోత. ఉతికిన దుప్పటి మళ్లీ దుమ్ములో పడిందని మా ఆవిడ అరుస్తూనే ఉంది. నేను మాత్రం తొమ్మిదేళ్లు వెనక్కి పోయి, ఎస్తేరు టీచర్ ఇంటి గుమ్మంలో తల వంచుకుని నిలబడ్డాను.

ఆమెను మీరు చూసి ఉండరు. విడపనకల్లు దగ్గర కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, హాస్టల్లో చదువుకుంటూ అక్కడే పియానో నేర్చుకుని, అనంతపురంలో మా బడిలో ముప్పయ్యేళ్లు సంగీతం చెప్పింది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. నేను అదే బడిలో లెక్కల మాస్టర్ని. పామిడి పక్క వేరుశనగ రైతు కొడుకుని, ఉద్యోగంలో చేరేదాకా పియానో కంటితో చూసి ఎరగను. ఒక సాయంత్రం హాలు వరండాలో ఆగి ఆమె పియానో వింటుంటే లోపలి నుంచి కేక వేసింది. "ఏమప్పా ఓబులేసూ, బయట నిలబడి వింటే దొంగతనం, లోపలికొచ్చి వింటే చదువు. ఏది కావాల నీకు?" అట్లా ఇరవై ఆరేళ్ల వయసులో మళ్లీ బడిలో చేరాను.

మా ఎండ మనుషుల్నే పీల్చేస్తుంది, చెక్కను వదులుతుందా? ఆ పియానో ఏటికేడు ఆరిపోయి, శ్రుతి అర స్వరం కిందికి జారిపోయింది. టీచర్ దాని అడుగు అరలో రెండు ముంతల నీళ్లు పెట్టేది, చెక్కకు కాస్త తేమ తగలాలని. "జనాలకే నీళ్లు లేవు, పెట్టెకు నీళ్లా?" అని ఎవరైనా అంటే, "నా స్నానంలో రెండు చెంబులు తగ్గించుకున్యాలే, నీదేం పాయ?" అని నోరు మూయించేది. తీగలన్నీ ఒకదానితో ఒకటి కలిసేలా తనే తాళంచెవిలాంటి పనిముట్టుతో సరిచేసుకునేది. శ్రుతిని మళ్లీ పైకి లాగడం మాత్రం ఎప్పుడూ చేయలేదు.

ఏటా మే నెలలో మా బడి హాల్లో మూడు రోజుల సంగీత ఉత్సవం జరుగుతుంది. ఆ ఏడు చివరి సాయంత్రానికి బెంగుళూరు నుంచి సెల్లో వాయించే పెద్దాయన ఒప్పుకున్నాడు. సెల్లో అంటే మోకాళ్ల మధ్య ఆనించుకుని వాయించే నిలువెత్తు వయొలిన్. పియానో మీద తోడు మా టీచర్. జూన్‌లో ఆమె రిటైర్మెంట్. ముప్పయ్యేళ్లూ ప్రార్థన పాటలకు ఒంటరిగా వాయించిన మనిషి. "సచ్చేలోగా ఒక్కసారన్నా ఇంకో వాద్యంతో మాట్లాడాలప్పా" అనేది. ఆ అవకాశం ఇదొక్కటే.

ఆ రోజు పొద్దున ఉత్సవ కార్యదర్శి హాల్లో ఎవరితోనో అంటుండగా విన్నాను. "బెంగుళూరాయన ఈ డబ్బాను చూసి నవ్విపోతాడు." నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మధ్యాహ్నం టీచర్ అన్నానికి ఇంటికి పోగానే ఆమె పనిముట్టు తీసుకుని, ఫోన్‌లో శ్రుతి చూసుకుంటూ ఒక్కో తీగనూ పైకి బిగించడం మొదలుపెట్టాను. పదకొండు బాగానే ఎక్కాయి. పన్నెండోది, కింది స్వరాల్లోని లావు తీగ, టంగుమని తెగి నా చేతి మీద వాత పెట్టింది.

పాత తీగ, దానంతటదే తెగిందంటే ఎవరైనా నమ్ముతారు. ఆ మాట నాకు తట్టలేదని అబద్ధం చెప్పను. కాసేపు అక్కడే కూలబడ్డాను. తర్వాత బడి వెనకే ఉన్న టీచర్ ఇంటికి నడిచాను. ఆమె సంగటి ముద్ద ఊరిబిండి పచ్చడిలో అద్దుకుంటోంది.

"అమ్మా, తీగ తెంపినాను."

ఆమె చేయి కంచంలోనే ఆగిపోయింది. "ఎవురు ముట్టమన్యారు నిన్ను?"

"నవ్వుతారని... శ్రుతి పైకి తెద్దామని..."

"నవ్వితే పండ్లు కనపడతాయి. దానికి తీగ తెంపాల్నా?" కళ్లలో నీళ్లు తిరిగాయి ఆమెకు. తిట్టినా బాగుండేది. చేయి కడుక్కుని లేచి, నా గాయం చూసి పసుపు అద్దింది. "పద. ఇంకా నాలుగు గంటలుండాది."

నేను ఎక్కించిన పదకొండింటినీ ఇద్దరం కలిసి మళ్లీ కిందికి దింపాం. తెగిన స్వరం వచ్చిన చోటల్లా పై స్థాయిలోది వాయిస్తానంది. అయిదింటికి పెద్దాయన వచ్చాడు. ఆయన సెల్లో పెట్టె తెరవకముందే టీచర్ చెప్పేసింది. "సార్, మా పియానో ఎండకు కిందికి దిగింది. పైకి లాగితే తెగుతాది. మధ్యాన్నం ఒకటి తెగింది గూడా. మీరే దిగి రావాల."

ఎవరు తెంపారో చెప్పలేదు. "తెంపింది నేనే సార్" అన్నాను.

ఆయన ఒక మెట్టు నొక్కి విన్నాడు. నొసలు ముడిపడింది. వీల్లేదంటే అంతే, ముప్పయ్యేళ్ల ఎదురుచూపు అక్కడితో సరి.

"దిగేదానికి ఏం కష్టమమ్మా, ఎక్కేదే కష్టం" అంటూ ఆయన తన తీగలు వదులు చేయసాగాడు. "ఈ ఎండలో నా సెల్లోకూ ఇదే సుఖం."

అమ్మయ్య!

ఆ సాయంత్రం సెల్లో బొంగురుగా, ఇంట్లో పెద్దమనిషి గొంతులా పలికింది. టీచర్ దానికి జవాబు చెప్పింది, ఎదురడిగింది, ఒకచోట ఆటపట్టించింది కూడా. లేని స్వరం దగ్గరికొచ్చిన ప్రతిసారీ నేను కుర్చీ అంచు పట్టుకున్నాను. ఆమె మాత్రం అనాయాసంగా పైనుంచి దాటిపోయింది. ముగిశాక పెద్దాయన లేచి ఆమెకు దండం పెడితే, చీర కొంగుతో ముఖం తుడుచుకుంటూ చిన్నపిల్లలా నవ్వింది. కార్యదర్శి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

మర్నాడు టీచర్ పిలిచి తన పనిముట్టు నా చేతిలో పెట్టింది.

"నాకెందుకమ్మా, తెంపినోనికి?"

"ఎంత తిప్పితే తెగుతాదో నీ చేతికి ఎరుకైంది గదా. తెంపినా వచ్చి చెప్తావు. ఇంగెవురికిచ్చేది?"

ఆమె పోయి రెండేళ్లయింది. ఆ పియానోను ఇప్పటికీ నేనే చూసుకుంటున్నాను. మొన్న వేసవిలో నా చేతిలో ఇంకో తీగ తెగింది. అలవాటుగా బడి వెనక దాకా నడిచి, ఆ ఇంటి తాళం చూసి, వెనక్కి వచ్చి తరగతిలో నిలబడ్డాను. "పిల్లలూ, తీగ తెంపింది నేనే" అన్నాను. వెనక వరుసలో ఒక పిల్ల మెల్లగా లేచింది. "సార్, పోయిన వారం కిటికీ అద్దం పగలగొట్టింది నేనే" అంది. చెప్పేసి కూర్చున్నాక ఆ పిల్ల ముఖంలో కనిపించిన తేలిక నాకు బాగా తెలుసు.