నాన్న రాసిన పదహారు పేజీలు

మా చిన్నప్పుడు... తెనాలిలో మా ఇల్లంతా మైలుతుత్తం కలిపిన మైదా జిగురు వాసనే. నాన్న పుస్తకాల బైండరు. అరుగు మీద కూర్చుని అచ్చయిన ఫారాలు మడిచేవాడు, కుట్టేవాడు, మధ్యలో ఏ పేజీ దగ్గరో చదువుతూ ఆగిపోయేవాడు. చదివింది ఎనిమిదో తరగతి. పిచ్చి మాత్రం సాహిత్య విమర్శ.

అరవైల చివరి రోజులవి. అందరూ నవలలు దాచుకునేవాళ్లు. మా నాన్న ఆ నవల ఎందుకు బాగుందో, ఎక్కడ కుంటుపడిందో చెప్పే పుస్తకాలు దాచేవాడు. ప్రెస్సుల్లో మసి అంటిన ఫారాలు అడిగి తెచ్చుకుని పుస్తకం చేసేవాడు. రేపల్లెలో ఎవరో పంతులుగారు పాత పుస్తకాలు తీసేస్తున్నారంటే పొద్దున్నే రైలెక్కేవాడు. మా భోషాణం నిండా అవే...

"ఒకళ్లు రాసినదానికి ఇంకొకళ్లు పెట్టిన వంకల్ని ఇంత భద్రంగా దాచుకోవడమేంటండీ?" అని అమ్మ దెప్పేది.

ఒక పుస్తకానికి మాత్రం మధ్య ఫారం దొరకలేదు. ఫారమంటే పదహారు పేజీలు. అది ఒక కావ్యం మీద విమర్శ. ఆ కావ్యం చివర్లో నిండు సభలో నాయిక ఒక్క మాటా ఎందుకు మాట్లాడదని విమర్శకుడు అడుగుతాడు. సరిగ్గా అక్కడే తెగిపోయింది! నాన్న ఏడాది వెతికాడు. చివరికి జవాబు తనే ఆలోచించి, నాచేత రాయించి, ఆ ఖాళీలో కుట్టేశాడు. నేనప్పుడు ఏడో తరగతి. నా గుండ్రటి అక్షరాలంటే నాకు కాస్త మిడిసిపాటు కూడా.

బాపట్ల కాలేజీలో తెలుగు లెక్చరర్ గారు ఒకరు లైబ్రరీ పుస్తకాలు బైండింగుకి తెచ్చేవారు. ఎక్కడా దొరకని ఆ పుస్తకం మా ఇంట్లో చూసి, చదివి ఇస్తానని పట్టుకెళ్లారు. నాన్న ఊళ్లో లేడు, ఇచ్చింది నేనే. చేతిరాత పేజీలు అసలు పుస్తకం చూసి ఎత్తి రాసినవనుకున్నారు. అవి నాన్నవని నేను ఆయనకూ చెప్పలేదు, ఆయన అలా అనుకున్నారని తర్వాత నాన్నకూ చెప్పలేదు...

నెల తర్వాత బాపట్లలో సభ. నాన్నా నేనూ వెళ్లి వెనక వరసలో కూర్చున్నాం. లెక్చరర్ గారు ఆ పుస్తకం పైకెత్తి, విమర్శకుణ్ణి ఆకాశానికెత్తి, ఒక వాక్యం చదివారు. "ఆమెకు మాట రాక కాదు, ఆ సభలో వినేవాడు లేక." చప్పట్లు మోగిపోయాయి.

అది నాన్న వాక్యం! నాకు లేచి గంతెయ్యాలనిపించింది. నాన్నను చూస్తే ముఖం పాలిపోయి ఉంది. చెబితే అంత పెద్దాయన నవ్వులపాలవుతారు, నాన్నకి కాలేజీ బైండింగు పని కూడా పోవచ్చు. చెప్పకపోతే తన మాట ఇంకొకరి నోట్లో పెట్టినట్టే.

జనం వెళ్లేదాకా ఆగి, చేతులు కట్టుకుని దగ్గరికెళ్లాడు.

"తప్పయిపోయింది మాస్టారండీ. ఆ పదహారు పేజీలు ఆయనవి కావండి. దొరక్క నేను రాసుకున్నవి."

ఆయన పుస్తకం నాన్న చేతిలో పెట్టి వెళ్లిపోయారు. తిరుగు రైల్లో నాన్న పుస్తకం ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. నన్ను రెండు దెబ్బలు వేసినా బాగుండేది...

రెండు వారాలకు ఆ లెక్చరర్ గారే మా అరుగెక్కారు. ఎవరెవరినో అడిగి అసలు పుస్తకం, పూర్తిది, సంపాదించారట. అందులో విమర్శకుడు నాయిక మౌనాన్ని కవి పొరపాటని రెండు ముక్కల్లో తేల్చేశాడట.

"సుబ్బయ్య గారూ, ఈ పూర్తి పుస్తకం విప్పి ఆయన పేజీల పక్కనే మీ పేజీలూ పెట్టి కుట్టండి. కింద మీ పేరుండాలి. ఈసారి సభలో ఆ పేరుతోనే చదువుతాను."

పదహారు పేజీలూ మళ్లీ నేనే రాశాను. చివర్లో నాన్న పేరు అన్నిటికన్నా గుండ్రంగా రాశాను. నాన్న కళ్లద్దాలు తుడుచుకుంటూ వీధివైపు తిరిగి కూర్చున్నాడు. ఆ తర్వాత బాపట్ల సభలో లెక్చరర్ గారు ఆ పేరు చదవడం నా చెవులతో విన్నాను. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు పొంగుతుంది.

ఇప్పుడు పుస్తకం నచ్చితే ఫోన్లో ఒక బొమ్మ నొక్కి ఊరుకుంటున్నాం, నచ్చకపోతే తిట్టి ఊరుకుంటున్నాం... నేనూ అంతే. ఎందుకు నచ్చిందో ఏడాదిపాటు ఆలోచించేవాళ్లు అప్పట్లో మామూలు ఇళ్లల్లో ఉండేవాళ్లు. మీ ఇంట్లోనూ అలాంటివాళ్లు ఒకరు ఉండే ఉంటారు... వాళ్లేం రాశారో దొరక్కపోయినా ఫరవాలేదు. దీని కింద వాళ్ల పేరు రాయండి.