పేగుల్లో మొదలైన అనుమానం

ఆసుపత్రుల్లో ఎండోస్కోపీ యంత్రాలు బాగుచేయడం నా పని. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా తిరుగుతాను. యంత్రం విప్పడం, భాగాలు వరుసగా పరచడం, ఒక్కొక్కటి సరిచూసి మళ్ళీ బిగించడం. కారణం దొరకని లోపం ఉంటే నాకు అన్నం సహించదు.

ఒకసారి ఒక ఆసుపత్రిలో స్పేర్ పార్టు కోసం ఎదురుచూస్తూ ఫోనులో ఒక వ్యాసం చదివాను. పేగుల గోడల్లో నాడీకణాల వల ఒకటి ఉంటుందట. మెదడు చెప్పకపోయినా తన పని తాను చేసుకుపోతుందట. పార్కిన్సన్స్ వచ్చినవాళ్ళ మెదడులో పేరుకునే ప్రోటీన్ ఆ వలలోనూ కనిపించింది. కొందరిలో జబ్బు అక్కడే మొదలై నరం వెంట పైకి పాకుతుందేమోనని పరిశోధకుల అనుమానం. ఇంకా తేలలేదు. చెయ్యి వణకడానికి ఏళ్ళ ముందే మలబద్ధకం, వాసన తెలియకపోవడం, నిద్రలో కేకలు పెడుతూ చేతులు విసరడం ఉండొచ్చని రాశారు.

మూడూ మా నాన్నకు, బాపుకు ఉన్నాయి.

బాపు మంచిర్యాల దగ్గర బొగ్గుబాయిలో పనిచేస్తాడు. బాయి దిగినవాళ్ళు షిఫ్టు అయ్యేదాకా ఆపుకోవడం అలవాటు చేసుకుంటారు. అందుకే మా కంపెనీ క్వార్టర్లలో మలబద్ధకం జబ్బు కిందికి రాదు. వాసన తెలియకపోతే పేలుడు మందు పొగ వల్ల అంటారు. కలవరిస్తే బాయి కలలోకి వచ్చిందంటారు. పొయ్యి మీద పప్పు మాడి వాడంతా వాసన కొడుతుంటే, బాపు పక్కనే కూర్చుని పేపరు చదువుతున్న రోజు కూడా ఇంట్లో ఎవరూ కంగారుపడలేదు, నేను తప్ప.

"బాపూ, ఒకసారి నరాల డాక్టరుకు చూపిద్దాం."

"నాకేమైందిరా?"

"కడుపు సాఫ్ అయితలేదు గదా."

"కడుపుకు నరాల డాక్టరెందుకు? నీ మిషిన్ల లెక్క నన్ను గూడ ఇప్పుతవా?"

"ఇప్పితే ఇప్పిండు గని, మల్ల బిగించుడు వస్తదో రాదో అడుగు," అంది మా అమ్మ.

జబ్బు పేరు చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇంటికి వచ్చినప్పుడల్లా ఆయన బొత్తాలు పెట్టుకోవడం, చెప్పులు తొడుక్కోవడం గమనిస్తూ, డాక్టరు మాట ఎత్తుతూ వచ్చాను. ఒకరోజు చాయ్ తాగుతూ బాపే అడిగాడు, "ఎప్పుడు పోదాం?" మనసు మారిందెందుకని నేను అడగలేదు.

కరీంనగర్‌లో డాక్టరు ముందు కూర్చోగానే బాపు కుడి చెయ్యి వణకడం మొదలైంది. ఇంట్లో ఆ చెయ్యి ఏనాడూ వణకలేదు. బస్సులో వణకలేదు. డాక్టరు తల తిప్పినప్పుడు తగ్గుతోంది, చూసినప్పుడు పెరుగుతోంది.

అప్పుడు అర్థమైంది. మా దగ్గర బొగ్గు కంపెనీ మెడికల్ బోర్డు కార్మికుణ్ణి పనికి అన్‌ఫిట్ అంటే, కొడుక్కి అదే కంపెనీలో నౌకరి అడగొచ్చు. ప్రైవేటు పనితో విసిగి కంపెనీ నౌకరి కోసమే నేను వెంటపడుతున్నానని ఆయన అనుకున్నాడు. నాకోసం వణుకుతున్నాడు.

"ఆపు బాపూ. గీయన బోర్డు డాక్టరు గాదు."

చెయ్యి టక్కున ఆగింది. డాక్టరు బాపును మామూలుగా నడవమన్నాడు. బాపు తలుపు దాకా వెళ్ళి వచ్చాడు. కుడి చెయ్యి అందరి చేతుల్లాగే ఊగుతోంది. ఎడమ చెయ్యి మాత్రం పక్కకు అతికించినట్టు ఉండిపోయింది. డాక్టరు మళ్ళీ నడిపించాడు. మళ్ళీ అంతే. నడకలో ఒక చెయ్యి ఊగకపోవడం కూడా ఆ జబ్బు గుర్తేనని చదివాను.

"ఇప్పుడే ఏమీ తేల్చి చెప్పలేను. మలబద్ధకం ఉన్నవాళ్ళలో చాలామందికి ఈ జబ్బు రానే రాదు. కొన్ని పరీక్షలు చేయిద్దాం," అన్నాడు నాతో. నా అనుమానం ఆయనకు ముందే ఫోనులో చెప్పి ఉంచాను.

బయట వరండాలో బాపు గొంతు తగ్గించి కోప్పడ్డాడు.

"మంచిగనే చేస్తున్న గదరా. నడుమల ఎందుకు ఆపినవ్?"

"నాకు నౌకరి వద్దు బాపూ."

"నౌకరి వద్దా?" బాపు నా ముఖంలోకి చూశాడు. "మరి నన్నెందుకు తోల్కచ్చినవ్?"

పక్కన బెంచీ ఖాళీగా ఉంది. ముందు ఆయన్ను కూర్చోబెట్టాను. పేగుల నుంచి మొదలుపెట్టి చెప్పాలా, ఎడమ చెయ్యి నుంచా, తెలియలేదు. "బాపూ," అని ఆ చెయ్యి పట్టుకున్నాను.