రొయ్యల చెరువుకు దారి చూపిన బాణం

ఒక పై అధికారిణిని పట్టపగలు, జీపుతో సహా, రొయ్యల చెరువు బురదలో దింపిన ఘనత నాది. దొంగలు కూడా ఇలాంటి పనులకు చీకటి పడేదాకా ఆగుతారు. నేను ఉదయం పదకొండు గంటలకు, దారిలో గుర్తు కట్టించి, ఫోనులో ప్రోత్సహించి మరీ చేశాను. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి డైరీ రాస్తున్నవాణ్ణి కాబట్టి కాదనే వీలు లేదు. అంతా నా చేతిరాతలోనే ఉంది. నవ్వుతూ చెబుదామని మొన్న ఆ డైరీ తీశాను. రెండు పేజీలు చదివేసరికి ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద అంటారా? చదవండి, మీకే తెలుస్తుంది.

అప్పుడు నేను హంసలదీవి దారిలో ఉన్న ఒక హైస్కూలుకు హెడ్మాస్టర్ని. రిటైరవడానికి ఇంకా రెండేళ్లుంది. ఆ ఏడు పైనుంచి ఒక కాగితం వచ్చింది. బొమ్మలు డ్రాయింగ్ పీరియడ్‌కే పరిమితం కాకూడదట. లెక్కల్లో గ్రాఫు, సోషల్లో పటం, సైన్సులో రేఖాచిత్రం, తెలుగులో పోస్టరు, ఇలా ఏ సబ్జెక్టులోనైనా పిల్లలు తమకు తెలిసిన విషయాన్ని బొమ్మతో ఎదుటివాళ్లకు చెప్పగలగాలట. చాలా మంచి మాట. నా బుర్రలోకి వచ్చాకే అది పాడైంది.

మా డ్రాయింగ్ టీచరు పేరు శైలజ. పెడనలో కలంకారీ అద్దకం పని చేసే ఇంట్లో పుట్టి, అవనిగడ్డ కోడలైంది. ఆవిడది పార్ట్‌టైం ఉద్యోగం. ఏడాదికోసారి పొడిగిస్తే ఉన్నట్టు, లేకపోతే ఊడినట్టు. వారానికి ఆవిడకున్న పీరియడ్లు ఆరు. అందులో రెండు లెక్కల మాస్టారు సిలబస్ కాలేదని లాక్కునేవారు. సోషల్ చెప్పే నేను హెడ్మాస్టర్ హోదాలో ఇంకో రెండు లాక్కునేవాణ్ణి. ఆ పిల్లలే పరీక్షలో గ్రాఫు చూసి, అదేదో పాము అడ్డొచ్చినట్టు పక్కకు తప్పుకుంటే, వీళ్లకు బుర్ర లేదని ఇద్దరం కలిసి తిట్టేవాళ్లం. ఎవరికి లేదో ఇప్పుడు తెలుస్తోంది.

ఆ కాగితాన్ని మూడుసార్లు చదివి నేను తేల్చిన సిద్ధాంతం ఇది: ప్రతి సబ్జెక్టులోనూ బొమ్మలుంటే, ఇక బొమ్మల టీచరెందుకు? డైరీలో ఈ వాక్యం కింద ఎర్ర సిరాతో రెండు గీతలున్నాయి. అంత ముచ్చటపడ్డాను. ఊరికే ముచ్చటపడితే బాగుండేది. స్టాఫ్ మీటింగులో చెప్పాను కూడా. స్కూలు బొమ్మల ప్రదర్శన చూడటానికి పైనుంచి ఒక మేడం వస్తున్నారు. డ్రాయింగ్ పోస్టు వచ్చే ఏడాది ఉంచాలా, తీసెయ్యాలా అన్నది ఆ రోజే రాసుకుని వెళతారు. ఆ సంగతి అందరికీ తెలుసు. శైలజకు మరీ బాగా తెలుసు.

"నా ఉద్యోగం తీసేసే సభకి చార్టులు కూడా నన్నే అంటించమంటారా సార్?" అంది.

"అక్కర్లేదమ్మా. స్కేలూ పెన్సిలూ ఉంటే ఎవరైనా గీస్తారు" అన్నాను.

ఆ మాట అన్న మనిషి ఇప్పుడు ఎదురుపడితే చెవి మెలిపెట్టేవాణ్ణి. దురదృష్టం, అద్దంలో తప్ప ఎదురుపడడు.

ఇక సబ్జెక్టు టీచర్లందరికీ నా ఉత్తర్వు: చార్టులన్నీ ఒకే కొలత, చుట్టూ ఎర్ర అంచు, అంగుళమున్నర మార్జిను. కొలతలు బ్రహ్మాండంగా కుదిరాయి. లోపల బొమ్మలే కుదరలేదు. సైన్సు మాస్టారి గుండెకాయ కుళాయి బిగించిన వంకాయలా వచ్చింది. లెక్కల్లో వేసిన వృత్తం సగం తిని వదిలేసిన అట్టులా ఉంది. నేను మాత్రం స్కేలు పట్టుకుని మార్జిన్లు కొలుచుకుంటూ తిరిగాను.

మా స్కూల్లో హాలు లేదు. అందుకని ప్రదర్శన తుఫాను షెల్టరులో పెట్టాం. మెయిన్ రోడ్డు మీద నుంచి దానికి రెండు మలుపులు. రెండూ కుడికే. ఆ మలుపుల దగ్గర పిల్లల చేత దారి చూపే గుర్తులు పెట్టిద్దామని, మేడంకే కాకుండా రేపు తుఫానొస్తే కొత్తవాళ్లకూ పనికొస్తాయని, చదువు రానివాళ్లకు కూడా తెలిసేలా అక్షరాలు లేకుండా ఉత్త బొమ్మే ఉండాలని ఒక ఆలోచన వచ్చింది. మొత్తం వ్యవహారంలో పనికొచ్చే ఆలోచన అదొక్కటే. అది శైలజది.

"పిల్లల్ని ఆ మలుపులోనే నిలబెట్టి గీయిద్దాం సార్. వచ్చేవాళ్లు ఎటునుంచి చూస్తారో అప్పుడు వాళ్లకే తెలుస్తది" అంది.

"ఇద్దరు గీస్తే రెండు రకాల బాణాలొస్తాయి. అన్నీ ఒక్కలా ఉండాలి" అని చెప్పి, ఆలోచన ఉంచుకుని మనిషిని పక్కన పెట్టాను.

ఒక్కలా ఉండాలంటే గుడ్డల మీద అద్దే అచ్చు కావాలి. ఆదివారం బస్సెక్కి పెడన వెళ్లాను. అక్కడ కోటయ్య అని, కలంకారీ అద్దకానికి టేకు దిమ్మెల మీద అచ్చులు చెక్కే పెద్దాయన. నా బొమ్మ ఇచ్చాను. స్తంభాల మీద షెల్టరు, కింద అలలు, పక్కన కుడివైపుకి బాణం. ఆయన కాగితం తీసుకుని, వెనక్కి తిప్పి, వెలుతురుకి పట్టి చూడటం మొదలెట్టాడు.

"అదేంటి, తిరగేస్తావు?" అన్నాను.

"అచ్చు కదండీ. చెక్క మీద ఇట్టా ఉంటేనే గుడ్డ మీద..."

"ముప్పై ఏళ్ల నుంచి నల్లబల్ల మీద పటాలు గీస్తున్నాను. నాకు చెప్పకు. నా బాణం ఎటుందో అటే ఉండాలి."

"అంటే ఉన్నదున్నట్టే చెక్కమంటారా?"

"ఉన్నదున్నట్టే."

కోటయ్య ఉలి కింద పెట్టాడు. ముఖం ఎర్రబడింది. "రేపు మళ్లీ నన్నంటే ఊరుకోనండి. ఆ ముక్కేదో రాసివ్వండి" అన్నాడు.

రాసిచ్చాను. "బొమ్మలో ఉన్నది ఉన్నట్టుగానే చెక్కవలెను, ఎట్టి మార్పూ చేయరాదు." కింద సంతకం. సంచిలో ఎప్పుడూ ఉండే స్కూలు రబ్బరు స్టాంపు తీసి, సంతకం పక్కన టపీమని గుద్దాను కూడా. ఆయన మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

పది రోజులకు మళ్లీ వెళ్లి, దిమ్మెనూ కాగితాన్నీ పక్కపక్కన పెట్టి స్కేలుతో సరిచూశాను. డైరీలో ఉంది: "అచ్చు, బొమ్మ: సరిపోయినవి." సరిపోవడమే కొంప ముంచిందని తెలియదు. అద్దకం కూడా కోటయ్యకే అప్పజెప్పి వచ్చాను. అద్దే రోజు ఆయన ఫోను చేసి ఏదో చెప్పబోతే, "రాసిచ్చానుగా" అని పెట్టేశాను.

చుట్టిన గుడ్డలు ప్రదర్శన ముందురోజు వచ్చాయి. మర్నాడు పొద్దున్నే విప్పి చూడకుండానే పిల్లలకిచ్చి, మలుపుల దగ్గర కట్టి రండి, ప్రశ్నలొద్దు అని పంపాను. వాళ్లు కట్టి వచ్చారు. ప్రశ్నలు అడగలేదు. అంత క్రమశిక్షణ నేర్పాను మరి.

పదకొండింటికి మేడం దగ్గర నుంచి ఫోను. షెల్టరు ఎక్కడా కనపడటం లేదన్నారు.

"బాణం చూసే తిరిగారా మేడం?"

"చూసే తిరిగాం."

"అయితే కరెక్టే మేడం. ముందుకు రండి, రెండో బాణం కనిపిస్తుంది."

అయిదు నిమిషాలకు మళ్లీ ఫోను. ముందు నీళ్లున్నాయన్నారు. సముద్రం పక్క ఊరు కదా మేడం, నీళ్లుంటాయి, అనుమానం పెట్టుకోకుండా వచ్చెయ్యండి అన్నాను. మూడో ఫోను డ్రైవరు చేశాడు. జీపు ముందు చక్రాలు రెండూ గట్టు దిగి చెరువులో ఉన్నాయని, మేడం కూడా దిగారని, ఆవిడ ఏమంటున్నారో తను చెప్పలేనని అన్నాడు.

స్కూటరు తీసి మొదటి మలుపు దగ్గరికి దూసుకెళ్లాను. గుడ్డ మీద బాణం దర్జాగా ఎడమకు చూపిస్తోంది. చెక్క మీద కుడికున్నది గుడ్డ మీద ఎడమకు పడుతుందన్న సంగతి అప్పటికీ నా తలకెక్కలేదు. పిల్లలు తప్పుగా కట్టారని వాళ్లను నోటికొచ్చినట్టు తిడుతూ విప్పాను. తిప్పి కడదామంటే వెనక ఉత్త గుడ్డ. ఇక కోపంలో తలకిందులుగా కట్టేశాను. బాణం కుడికి తిరిగింది. అలలు ఆకాశానికెక్కాయి. షెల్టరు వాటి కింద గబ్బిలంలా వేలాడింది. సరిగ్గా అప్పుడే చేపల ట్రేలు వేసుకెళ్లే ఆటో ఒకటి నా పక్కన ఆగింది. ట్రేల మధ్య, మోకాళ్ల దాకా బురదతో, మేడం.

"ఇది కట్టింది మీరేనా?" అన్నారు.

"పిల్లలండీ" అన్నాను. తాడు ఇంకా నా చేతిలోనే ఉంది.

షెల్టరులో ఊరంతా కూర్చుని ఉంది. వాళ్లెవరూ గుడ్డల వంక చూడలేదు. వాళ్ల షెల్టరుకు వాళ్లకు గుర్తులెందుకు? మేడం చార్టుల వంక కన్నెత్తి చూడకుండా సూటిగా శైలజ ముందుకెళ్లి నిలబడ్డారు.

"డ్రాయింగ్ టీచర్ మీరేనా? కుడికీ ఎడమకీ తేడా తెలియని స్కూలుకి ఈ పోస్టెందుకండీ? తీసెయ్యమని రాసేస్తాను."

 శైలజ నా వంక చూసింది. నేను నా చెప్పుల వంక చూశాను. డైరీలో ఈ చోట "కొంతసేపు మౌనం" అని రాసి ఉంది. ఈ రెండు ముక్కలు చదివినప్పుడే నాకు అసలు కోపం వచ్చేది. జీపు పోతే పోయింది, బురద కడుక్కుంటే పోతుంది. ఒక మనిషి అన్నం పోతుంటే నోరు మూసుకుని నిలబడ్డ ఆ కొంతసేపు ఏ నీళ్లతో కడగాలి?

సన్మానానికని పిలిచిన కోటయ్య మొదటి వరసలో ఉన్నాడు. ఆయన చెయ్యి మెల్లగా, నేను రాసిచ్చిన కాగితమున్న చొక్కా జేబులోకి వెళ్లడం చూశాను. కాగితం తిరగేసి ఆ రోజు ఆయన ఏం చెప్పబోయాడో ఇప్పటికి తలకెక్కింది. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. సత్యం పలికాను.

"తప్పు నాది మేడం" అని మొదలుపెట్టి, పెడన బస్సు దగ్గర నుంచి తలకిందుల గుడ్డ దాకా వరసగా చెప్పాను. శైలజ ఆలోచన నేనెలా తీసుకున్నానో, కోటయ్య నోరు ఎన్నిసార్లు మూయించానో కూడా చెప్పాను. చివర్లో, అచ్చు వేస్తే బొమ్మ తిరగబడి పడుతుందని హెడ్మాస్టర్నైన నాకెలా తెలుస్తుందండీ అని కాస్త సానుభూతి కోసం చూశాను.

అప్పుడు నోరు విప్పింది శైలజ. "రోజుకి యాభై కాగితాల మీద గుద్దుతారు కదా సార్. ఆ రబ్బరు స్టాంపు ఎప్పుడైనా తిరగేసి చూశారా?"

ఊరంతా నవ్వింది. మేడం నవ్వలేదు. పోస్టు గురించిన కాగితం తీసి నా ముందు పెట్టారు. "ఈ స్కూలుకి డ్రాయింగ్ టీచరు అవసరమా, కాదా? మీ చేత్తో మీరే రాయండి" అన్నారు.

ఒక్క కొట్టివేత లేకుండా రాశాను: "అత్యవసరం. ముందుగా ప్రధానోపాధ్యాయునికి."

పోస్టు పొడిగించారు. ఒక్క ఏడాదికి. ఇంత జరిగాక కూడా ఒక్క ఏడాదికే. ఈ మాట రాస్తుంటే పెన్ను కాగితంలోకి దిగబడుతోంది. ఆ ఏడాదంతా మాత్రం ఆవిడ పీరియడ్ ఒక్కటి కూడా ఎవరూ ముట్టుకోలేదు. వారానికి ఒక పీరియడ్ చివరి బెంచీలో కూర్చుని గుండెకాయ గీశాను. మూడో నెలకు వంకాయ పోలిక తగ్గింది.

ఇందుమూలముగా పాఠకులందరి సమక్షంలో నేను చేయు ప్రతిజ్ఞ ఏమనగా: చేతిపని తెలిసినవాళ్లు నోరు తెరిస్తే నేను నోరు మూసెదను. ఇక ఈ జన్మలో కాగితం మీదగానీ, గుడ్డ మీదగానీ, చెక్క మీదగానీ బాణము గుర్తు వేయను. ఇప్పుడు నేనుంటున్న బందరులో ఎవరైనా నన్ను దారి అడిగినచో, కుడి ఎడమలు చెప్పక, చెప్పులు వేసుకుని, వెంట నడిచి, వారి గుమ్మంలో దింపి వచ్చెదను.