ఓడ ముందరి చెక్క బొమ్మ

ఎనభైల మొదట్లో, కామాటిపురాలో కాపురం పెట్టిన కొత్తలో, నేనూ మా అత్తా కూలికి పోయేవాళ్లం. నా పెనిమిటి వడ్రంగి. ఆ ఏడు నౌకాదళం వాళ్ల పాత తెరచాప ఓడ ఒకటి, మొత్తం టేకుదే, బాగుచేసి జనానికి చూపించాలని రేవులో ఒడ్డుకెక్కించారు. వరస గదుల మా చాళీలోనే ఉండే, కూలీలను పనికి కుదిర్చే పాలమూరు ముకాదం మా ముగ్గుర్నీ ఆ పనికి తీసుకుపోయాడు.

మగవాళ్లు పుచ్చిన పలకలు మార్చి, సందుల్లో తారు పూసిన పత్తి దట్టించేవాళ్లు. ఆడవాళ్లం పాత రంగు గీకేవాళ్లం. ఓడ ముక్కు కింద నిలువెత్తు చెక్క ఆడబొమ్మ ఉండేది. ఎన్ని పూతలు పూశారో, మొహమే లేదు. నేనూ అత్తా పరంజా మీద కూర్చొని గీకుతుంటే ముక్కు బయటపడింది, తర్వాత పెదవులు, పాపిట.

"ఎంత కళ ఉన్నదే! గిన్నేండ్లు ఊపిరాడకుంట చేసిండ్రు," అంది అత్త.

బొమ్మకు విరిగిన చెయ్యి నా పెనిమిటే కొత్తగా చెక్కి అతికించాడు.

పని ముగింపుకొస్తుండగా ఒక పొద్దున ఆ పని పట్టిన కాంట్రాక్టర్ రంపం పట్టిన ఇద్దరిని వెంటేసుకొచ్చాడు. ఎవరో పెద్దమనిషి బంగ్లాకు ఆ బొమ్మ కావాలట. ఓడకు సిమెంటు బొమ్మ పోసి రంగేస్తే ఎవడికి తెలుస్తుందట!

నా ఒళ్లు మండింది. "ఓడను బాగుచెయ్యనీకి పిలిచి, దాని గొంతు కోస్తరా?" అన్నాను. వాడు నా వైపు చూడనైనా లేదు. రంపం వాళ్లు పరంజా ఎక్కుతుంటే మా అత్త బొమ్మ నడుము చుట్టూ చేతులేసి పట్టుకుంది.

"దిగు ముసలీ!" అని అరిచాడు కాంట్రాక్టర్.

"దిగ. ముందు నా చేతులు కొయ్యి."

గోల విని నౌకాదళం అధికారి వచ్చాడు. "ఏం లేదు సాబ్, కూలి పెంచమని గొడవ చేస్తున్నారు," అన్నాడు కాంట్రాక్టర్. ఎంత అబద్ధం! నాకొచ్చిన హిందీలో జరిగిందంతా అరిచి చెప్పాను. ఆయన రంపం వైపు చూసి, బొమ్మను ముట్టొద్దని చెప్పి వెళ్లిపోయాడు. కాంట్రాక్టర్‌ను మాత్రం ఒక్క మాటా అనలేదు.

మర్నాడు గేటు దగ్గర మా ముగ్గుర్నే ఆపేశారు. దొంగ లోపల, మేం బయట.

సాయంత్రం ముకాదం ఖోలీ గుమ్మం ముందు నిలబడ్డాను. "అన్నా, మా పనిల తప్పేమున్నది?"

"పని మంచిదేనమ్మా. నోరే జర ఎక్కువైంది."

"నోరు లేకపోతే ఆ బొమ్మ ఇయ్యాల ఎవని బంగ్లాల ఉంటుండె?"

ఆయన భార్య చాయ్ తెచ్చింది. పాపం, ఆమె తప్పేమీ లేదు. అయినా ఆ చాయ్ ముట్టకుండానే తిరిగొచ్చేశాను.

నా పెనిమిటికి నాగ్‌పాడాలో మంచాలు చేసే చోట పని దొరికింది. అత్తా నేనూ దాదర్ వైపు బిల్డింగులకు ఇటుకలు మోశాం. ఓడ తెరిచిన రోజు చాళీవాళ్లు చూసొచ్చి, బొమ్మ చోట మా చెక్క బొమ్మే ఉందని చెప్పారు. కాంట్రాక్టర్ మెడలో పూలదండ కూడా వేశారట.

"పోనీలే, అది నిలిచింది గద," అంది అత్త. నాకు మాత్రం ఆ "పోనీలే" ఈనాటికీ నోట రాదు.